అన్‌మౌంట్ అయిపోయింది, లూప్ డివైస్ మాత్రం కదలట్లేదు: ఆటోక్లియర్ అసలెప్పుడు పనిచేస్తుంది?

#1 బిల్డ్‌బండి

అందరికీ నమస్కారం. డిస్క్ ఇమేజ్‌లు తయారుచేసే షెల్ స్క్రిప్ట్ ఒకటి మా బిల్డ్ సర్వర్‌లో నడుస్తుంటుంది. ఖాళీ ఫైల్ ఒకటి సృష్టించి, లోసెటప్‌తో లూప్ డివైస్‌కి (ఫైల్‌ని డిస్క్‌లా చూపించే కెర్నల్ డివైస్) తగిలించి, పార్టిషన్లు చేసి, ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ కొట్టి, మౌంట్ చేసి లోపల ఫైళ్లు నింపుతుంది. తర్వాత అన్‌మౌంట్, ఇమేజ్ కాపీ, అసలు ఫైల్ డిలీట్. డేటా కోసం ఇంకో చిన్న ఇమేజ్ ఉంది, దానికి పార్టిషన్లు లేవు కాబట్టి నేరుగా మౌంట్ -ఓ లూప్.

కొన్నాళ్లకి డిస్క్ నిండిపోయింది. డీఎఫ్ (డిస్క్‌లో నిండిన చోటు) చెప్పేదానికీ డీయూ (ఫైళ్ల సైజుల మొత్తం) చెప్పేదానికీ పొంతనే లేదు. లోసెటప్ --లిస్ట్ కొడితే ఇలాంటి వరసలు బోలెడు:

/డెవ్/లూప్3   ఆటోక్లియర్ 0   /బిల్డ్/రూట్.ఇమేజ్ (డిలీటెడ్)
/డెవ్/లూప్5   ఆటోక్లియర్ 1   /బిల్డ్/డేటా.ఇమేజ్ (డిలీటెడ్)

ఆటోక్లియర్ 1 ఉంటే, అన్‌మౌంట్ చేయగానే లూప్ దానంతటదే ఊడిపోతుందని కదా మాన్యువల్‌లో ఉంది. 0 ఉన్నవాటి సంగతి సరే, 1 ఉండి కూడా ఎందుకు పోవట్లేదు? ఫైండ్‌మౌంట్‌లో (మౌంట్ల జాబితా) దాని ఊసే లేదు, ఎల్ఎస్ఓఎఫ్‌లోనూ (ఫైళ్లు తెరిచినవాళ్ల జాబితా) ఎవరూ కనబడట్లేదు. కెర్నల్ 6 సిరీస్, యుటిల్-లినక్స్ కూడా కొత్తదే.

#2 సున్నాఒకటి

ఎందుకండీ ఇంత ఆలోచన, క్రాన్‌లో (టైమ్ ప్రకారం కమాండ్లు నడిపేది) లోసెటప్ --డిటాచ్-ఆల్ పడేయండి. రాత్రికి రాత్రి అన్నీ ఊడిపోతాయి.

#3 పాతకాపు

> క్రాన్‌లో లోసెటప్ --డిటాచ్-ఆల్ పడేయండి

దయచేసి ఆ పని మాత్రం చేయకండి. మౌంట్ అయి ఉన్నవాటికి వెంటనే ఏమీ కాదు, నిజమే. కానీ ఇంకో బిల్డ్ సరిగ్గా అప్పుడే లూప్ తగిలించి, ఫార్మాట్ మొదలుపెట్టే లోపు మీ క్రాన్ వచ్చిందనుకోండి. వాడి డివైస్ వాడి కింద నుంచే పోతుంది. ఆ నంబర్‌ని మరుక్షణం మరో ప్రాసెస్ తీసుకుంటే వాడు ఫార్మాట్ కొట్టేది ఎవడి ఇమేజ్‌నో.

ఇక బిల్డ్‌బండి గారి ప్రశ్న. ఆటోక్లియర్ అనేది అన్‌మౌంట్‌కి కట్టిన పని కాదు. ఆ బ్లాక్ డివైస్‌ని తెరిచి పట్టుకున్న చివరివాడు వదిలేసినప్పుడు కెర్నల్ చేసే పని. గదిలోంచి ఆఖరున బయటికెళ్లేవాడు లైటు ఆర్పినట్టు. మామూలుగా ఆ ఆఖరివాడు ఫైల్‌సిస్టమే అవుతుంది కాబట్టి అన్‌మౌంటే తీసేసినట్టు కనిపిస్తుంది, అంతే.

దీనికో పాత కథ ఉంది. ఒకప్పుడు మౌంట్ కమాండ్ ఏ లూప్ వాడిందో /ఈటీసీ/ఎమ్‌ట్యాబ్‌లో రాసిపెట్టేది, యుమౌంట్ అది చదివి లూప్‌ని విప్పేది. ఎమ్‌ట్యాబ్‌ని /ప్రాక్/మౌంట్స్‌కి సిమ్‌లింక్ చేసినచోట ఆ రాత పోయేది, లూప్ మిగిలిపోయేది. 2.6.25 కెర్నల్‌లో, అంటే 2008లో, ఆటోక్లియర్ ఫ్లాగ్ వచ్చాక ఈ బాధ్యత కెర్నల్‌ది అయింది. అప్పటినుంచి మౌంట్ తాను సృష్టించిన లూప్‌కి ఆ ఫ్లాగ్ తనే పెడుతుంది. మీరు లోసెటప్‌తో విడిగా సృష్టించినదానికి ఎవరూ పెట్టరు, ఎందుకంటే మీకు అది ఇంకా కావాలేమో కెర్నల్‌కి తెలీదు. లూప్3 కథ అదే. దాన్ని మీరే విప్పాలి: యుమౌంట్ --డిటాచ్-లూప్, లేదా చివర్లో లోసెటప్ --డిటాచ్.

లూప్5 మాత్రం వేరే కేసు. ఫ్లాగ్ ఉండి కూడా పోలేదంటే ఎవరో ఇంకా పట్టుకునే ఉన్నారు.

#4 రాత్రిడ్యూటీ

ఆ "ఎవరో" మీ ఫైండ్‌మౌంట్‌కి కనబడరు. అది మీరున్న మౌంట్ నేమ్‌స్పేస్‌నే (ప్రాసెస్‌కి కనబడే మౌంట్ల సొంత జాబితా) చూపిస్తుంది. సర్వర్‌లో కంటైనర్లు ఏమైనా నడుస్తున్నాయా? ముఖ్యంగా హోస్ట్ రూట్ మొత్తాన్ని లోపలికి బైండ్ చేసుకునే మానిటరింగ్ కంటైనర్ లాంటిది?

రూట్ అకౌంట్‌తో ఇది కొట్టి చూడండి:

గ్రెప్ ' 7:5 ' /ప్రాక్/*/మౌంట్‌ఇన్ఫో

7 అనేది లూప్ డివైస్‌ల మేజర్ నంబర్, 5 మీ లూప్5. పార్టిషన్ మౌంట్ చేసి ఉంటే మాత్రం ఇలా దొరకదు. లూప్3పీ1 లాంటివి 259 మేజర్ కింద కనబడతాయి, అందుకని అక్కడ నంబర్ కాకుండా డివైస్ పేరుతో వెతకడం మంచిది.

#5 బిల్డ్‌బండి

దొరికింది అన్నా! మీరన్నట్టే మానిటరింగ్ కంటైనర్. దాని ప్రాసెస్ మౌంట్‌ఇన్ఫోలో ఇలా ఉంది (మిగతా భాగం కత్తిరించాను):

7:5 / /హోస్ట్/బిల్డ్/ఎమ్ఎన్‌టీ ఆర్‌డబ్ల్యూ - ఈఎక్స్‌టీ4 /డెవ్/లూప్5

బిల్డ్ జరుగుతుండగా అది రీస్టార్ట్ అయినట్టుంది, లాగ్‌లో టైమ్ సరిపోయింది. కానీ ఒకటి అర్థం కాలేదు. నేను హోస్ట్‌లో అన్‌మౌంట్ చేస్తే కంటైనర్‌లోనూ పోవాలి కదా?

#6 రాత్రిడ్యూటీ

ప్రాపగేషన్ (ఒక నేమ్‌స్పేస్‌లో మౌంట్ మార్పులు ఇంకోదాంట్లోకి వెళ్లాలా వద్దా అనే సెట్టింగ్) ఎలా పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ బైండ్ ఆర్‌ప్రైవేట్‌గా ఉంటే (చాలా కంటైనర్ ఇంజిన్లలో డిఫాల్ట్ అదే) కంటైనర్ లేచిన క్షణంలో హోస్ట్‌లో ఉన్న మౌంట్లన్నీ దానికి కాపీ అవుతాయి, ఆ తర్వాత రెండింటికీ సంబంధం తెగిపోతుంది. హోస్ట్‌లో మీరు తీసేసింది మీ కాపీని. ఫైల్‌సిస్టమ్ సూపర్‌బ్లాక్ కంటైనర్ చేతిలో బతికే ఉంది, అది లూప్5ని పట్టుకుంది, లూప్5 డిలీట్ అయిన ఫైల్‌ని పట్టుకుంది. డీఎఫ్‌కీ డీయూకీ తేడా అక్కడే.

ఆర్‌స్లేవ్‌గా పెడితే హోస్ట్‌లో జరిగే అన్‌మౌంట్ కంటైనర్‌లోకీ వెళ్తుంది. సిస్టమ్‌డీ తన సర్వీసులకి ప్రైవేట్ టెంప్ లాంటివి ఇచ్చేటప్పుడు స్లేవ్‌గానే పెడుతుంది కాబట్టి అక్కడ ఈ గోల తక్కువ.

#7 పాతకాపు

బిల్డ్‌బండి గారూ, డిస్క్ నిండడం కన్నా పెద్ద సమస్య ఒకటి ఇందులో దాగుంది, గమనించారా? యుమౌంట్ తప్పు లేకుండా ముగిసింది కాబట్టి మీ స్క్రిప్ట్ వెంటనే ఇమేజ్ కాపీ చేసింది. కానీ ఫైల్‌సిస్టమ్ నిజంగా మూతపడలేదు. అంటే మీరు కాపీ చేసింది నడుస్తున్న ఈఎక్స్‌టీ4ని. జర్నల్ (ఫైల్‌సిస్టమ్ మార్పుల లాగ్) ఇంకా తెరిచే ఉంటుంది, కొంత డేటా మెమరీలోనే ఉండి ఇమేజ్‌లోకి రాకపోయి ఉండొచ్చు.

ఆ రోజు కాపీ అయిన డేటా ఇమేజ్ మీద డంప్‌ఈ2ఎఫ్ఎస్ -హెచ్ కొట్టి ఫీచర్ల వరస చూడండి. నీడ్స్_రికవరీ అని కనబడితే మూతపడకుండా కాపీ అయిందన్నమాట. శుభ్రంగా అన్‌మౌంట్ అయినదాంట్లో ఆ మాట ఉండదు.

లేజీ అన్‌మౌంట్ వాడేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. "బిజీ" అని ఎర్రర్ రాగానే --లేజీ తగిలించే అలవాటు చాలామందిలో చూశాను. అది పేరుని మాత్రమే చెట్టులోంచి తీసేస్తుంది. లోపల ఎవడో ఫైల్ తెరిచి ఉన్నంతకాలం ఫైల్‌సిస్టమూ పోదు, లూపూ పోదు, ఇమేజూ కాపీకి పనికిరాదు. ఇమేజ్ తయారుచేసే స్క్రిప్టులో లేజీ ఉండకూడదనేది నా గట్టి అభిప్రాయం. బిజీ అంటే ఫ్యూజర్ -వీఎమ్ కొట్టి ఎవడో కనుక్కోండి.

#8 బిల్డ్‌బండి

చూశాను. నీడ్స్_రికవరీ ఉంది 😐 కొన్ని ఇమేజ్‌లు మొదటిసారి బూట్ అయినప్పుడు జర్నల్ రికవరీ మెసేజ్ వస్తోందని టెస్టింగ్ వాళ్లు అంటూనే ఉన్నారు, దానికీ దీనికీ లింకు ఉందని ఎవరికీ తట్టలేదు.

మరి శాశ్వతంగా ఏం చేయాలి? కంటైనర్ సెట్టింగ్ నా చేతిలో లేదు, ఆ టీమ్ వేరు.

#9 రాత్రిడ్యూటీ

అయితే వాళ్లతో పని లేకుండా మీ వైపే సరిచేయండి. స్క్రిప్ట్ మొత్తాన్ని అన్‌షేర్ --మౌంట్ కింద నడపండి. అన్‌షేర్ కొత్త మౌంట్ నేమ్‌స్పేస్ తెరిచి, లోపలి ప్రాపగేషన్‌ని డిఫాల్ట్‌గా ప్రైవేట్ చేస్తుంది. మీ మౌంట్లు హోస్ట్‌లో అసలు కనబడవు. కనబడనివాటిని ఏ కంటైనరూ కాపీ చేసుకోలేదు.

దీంతో ఇంకో లాభం కూడా. స్క్రిప్ట్ మధ్యలో కిల్ -9తో చచ్చిపోయినా, దాని పిల్ల ప్రాసెస్‌లు కూడా పోయాక ఆ నేమ్‌స్పేస్ కూలిపోతుంది, లోపలి మౌంట్లన్నీ దాంతోపాటే పోతాయి, ఆటోక్లియర్ ఉన్న లూప్‌లు కూడా. ట్రాప్ (స్క్రిప్ట్ ముగిసేటప్పుడు నడిచే శుభ్రం చేసే కోడ్) రాసుకున్నా కిల్ -9కి అది పలకదు కదా.

ఒక్క మెలిక: లూప్ డివైస్‌లకి నేమ్‌స్పేస్ లేదు. మెషిన్ మొత్తానికి ఒకే జాబితా. ఆటోక్లియర్ 0 ఉన్న లూప్ నేమ్‌స్పేస్ కూలినా నిక్షేపంగా అక్కడే ఉంటుంది.

#10 పెంగ్విన్‌పిల్ల

మధ్యలో దూరుతున్నాను, క్షమించండి. నాకూ ఇలాంటి స్క్రిప్టే ఉంది, కానీ పార్టిషన్లు కావాలి కాబట్టి లోసెటప్ --ఫైండ్ --షో --పార్ట్‌స్కాన్ తప్పదు. అప్పుడు ఆటోక్లియర్ 0 వస్తుంది. లోసెటప్‌లో ఆ ఫ్లాగ్ పెట్టే ఆప్షన్ వెతికాను, దొరకలేదు. మరి మాలాంటివాళ్ల గతి?

#11 రాత్రిడ్యూటీ

చిన్న కిటుకు ఉంది. మౌంట్ అవ్వగానే, ఇంకా వాడకముందే, లోసెటప్ --డిటాచ్ కొట్టేయండి. భయపడకండి, ఊడిపోదు. 3.7 కెర్నల్ నుంచి వాడకంలో ఉన్న లూప్‌ని డిటాచ్ చేస్తే బిజీ అని తిప్పికొట్టదు. ఆటోక్లియర్ ఫ్లాగ్ పెట్టి ఊరుకుంటుంది, చివరివాడు వదిలాక విప్పుతుంది. /సిస్/బ్లాక్/లూప్3/లూప్/ఆటోక్లియర్ ఫైల్ చూడండి, డిటాచ్‌కి ముందు 0, తర్వాత 1.

రెండు మూడు పార్టిషన్లు మౌంట్ చేసేది ఉంటే అన్నీ మౌంట్ అయ్యాకే కొట్టండి. ఒకటి మౌంట్ చేసి, డిటాచ్ చేసి, దాన్ని అన్‌మౌంట్ చేసి, రెండోది మౌంట్ చేద్దామనుకుంటే అప్పటికి డివైసే ఉండదు.

#12 పెంగ్విన్‌పిల్ల

అబ్బ, ఇది భలే ఉంది! అయితే మౌంట్ తర్వాత ఒకసారి, జాగ్రత్త కోసం చివర్లో ట్రాప్‌లో ఇంకోసారి డిటాచ్ పెట్టుకుంటాను.

#13 పాతకాపు

రెండోది వద్దమ్మా. అక్కడే ప్రమాదం.

మీ వేరియబుల్‌లో /డెవ్/లూప్3 అని రాసి ఉంది. అన్‌మౌంట్ అవ్వగానే కెర్నల్ లూప్3ని విప్పేసింది. ఖాళీ నంబర్ అడిగిన ఇంకో బిల్డ్‌కి కెర్నల్ అదే లూప్3 ఇచ్చింది. ఇప్పుడు మీ ట్రాప్ వచ్చి లూప్3ని డిటాచ్ చేస్తుంది. అది మీది కాదు. వాడు మౌంట్ చేసి ఉంటే ఫ్లాగ్ పడి ఊరుకుంటుంది. లోసెటప్‌కీ మౌంట్‌కీ మధ్యలో ఉంటే వాడి డివైస్ పోయినట్టే, పైగా వాడికి వచ్చే ఎర్రర్ చూసి మీ స్క్రిప్ట్‌ని ఎవరూ అనుమానించరు. ఇలాంటి బగ్ వారానికోసారి, అదీ సర్వర్ మీద లోడ్ ఉన్నప్పుడే బయటపడుతుంది.

ఆటోమేటిక్ అయినా ఉండాలి, చేత్తో తీసేదైనా ఉండాలి. ఒకే డివైస్‌కి రెండూ ఉండకూడదు. మౌంట్ వరకు చేరకముందే స్క్రిప్ట్ చస్తే మాత్రం ఫ్లాగ్ పడి ఉండదు కాబట్టి ట్రాప్ అవసరమే. అందుకని ఇలా చేయండి: లోసెటప్ అవ్వగానే ట్రాప్ పెట్టుకోండి, మౌంట్ తర్వాత డిటాచ్ కొట్టిన వెంటనే ఆ వేరియబుల్‌ని ఖాళీ చేసేయండి. ట్రాప్ ఖాళీ వేరియబుల్ చూస్తే ఏమీ ముట్టుకోకూడదు.

బ్యాకింగ్_ఫైల్ చదివి మనదో కాదో చూసుకుని తీసేస్తామని కొందరంటారు. చూడటానికీ తీయడానికీ మధ్య కూడా మారిపోవచ్చు కదా. ఈ నంబర్ల తికమక ఎంత ముదిరిందంటే 5.15 కెర్నల్‌లో డిస్క్‌సీక్ అని ఒక వరస సంఖ్య పెట్టాల్సొచ్చింది. లూప్3 పేరు అదే ఉన్నా, కొత్త ఫైల్ తగిలిన ప్రతిసారీ ఆ సంఖ్య మారుతుంది, పాతది మళ్లీ రాదు. షెల్ స్క్రిప్ట్‌కి అంత దూరం అక్కర్లేదు, టూల్స్ రాసేవాళ్లు తెలుసుకుంటే చాలు.

#14 సి_పలక

టూల్స్ రాసేవాళ్ల మాట వచ్చింది కాబట్టి చేయి ఎత్తుతున్నాను 🙂 సి కోడ్‌లో ఇదంతా నేరుగా చేసేవాళ్లు జాగ్రత్తపడాల్సినవి.

/డెవ్/లూప్-కంట్రోల్‌ని ఖాళీ నంబర్ అడుగుతారు. అది మీకు నంబర్ చెబుతుంది, రిజర్వ్ చేయదు. మీరు తగిలించేలోపు ఇంకొకడు ఎగరేసుకుపోవచ్చు, అప్పుడు బిజీ వస్తుంది, మళ్లీ కొత్త నంబర్ అడగాలి. ఈ లూపు (క్షమించాలి) రాయని కోడ్ టెస్టులన్నీ దాటి సరిగ్గా ప్రొడక్షన్‌లో పడుతుంది.

పాత పద్ధతిలో ముందు ఫైల్ తగిలించి, తర్వాత ఇంకో ఐఆక్టల్‌తో (డివైస్‌కి ఆదేశాలిచ్చే కెర్నల్ కాల్) ఫ్లాగులు పెట్టాలి. మధ్యలో ప్రాసెస్ చస్తే ఫ్లాగ్ లేని లూప్ అనాథగా మిగులుతుంది. 5.8 నుంచి లూప్_కాన్ఫిగర్ అనే ఒకే ఐఆక్టల్‌లో ఫైల్, ఆఫ్‌సెట్, బ్లాక్ సైజ్, ఆటోక్లియర్ అన్నీ ఒక్కసారే ఇవ్వచ్చు.

అసలు మెలిక తర్వాత వస్తుంది. ఆటోక్లియర్ పెట్టి, "డివైస్ తయారైంది" అనుకుని డిస్క్రిప్టర్ (తెరిచిన డివైస్ హ్యాండిల్) మూసేసి, అప్పుడు మౌంట్ పిలిస్తే? ఆ మూయడమే చివరి క్లోజ్! మౌంట్‌కి వెళ్లేసరికి వెనక ఫైలే లేదు. మౌంట్ విజయవంతంగా తిరిగొచ్చేదాకా ఆ డిస్క్రిప్టర్‌ని పట్టుకునే ఉండాలి. మౌంట్ కమాండ్ చేసేదీ అదే.

#15 తాళంకప్ప

ఎన్‌క్రిప్షన్ వాడేవాళ్ల కోసం ఒక ముక్క. లూప్ మీద లక్స్ (డిస్క్ ఎన్‌క్రిప్షన్ పొర), దానిమీద ఫైల్‌సిస్టమ్ ఉంటే అన్‌మౌంట్ పై పొరని మాత్రమే తీస్తుంది. డీఎమ్ (డివైస్ మ్యాపర్) మ్యాపింగ్ లూప్‌ని తెరిచి పట్టుకునే ఉంటుంది కాబట్టి ఆటోక్లియర్ ఉన్నా లాభం లేదు, తాళం కూడా తెరిచే ఉంటుంది. క్రిప్ట్‌సెటప్ క్లోజ్ చేయాల్సిందే. సౌకర్యం ఏంటంటే క్రిప్ట్‌సెటప్‌కి నేరుగా ఇమేజ్ ఫైల్ పేరు ఇస్తే లూప్‌ని తనే ఆటోక్లియర్‌తో సృష్టించుకుంటుంది, క్లోజ్‌తో అది కూడా పోతుంది. మీరు లోసెటప్ ముట్టుకోనక్కర్లేదు.

క్లోజ్‌కి --డిఫర్డ్ ఆప్షన్ ఉంది. మౌంట్ అయ్యాక అది కొట్టి పెడితే, అన్‌మౌంట్‌తో మ్యాపింగూ, దాని వెనకే లూపూ వరసగా రాలిపోతాయి. #11లో చెప్పిన కిటుకుకి ఇది అన్నయ్య లాంటిది. ఎల్‌వీఎమ్ ఉంటే మాత్రం ఇలాంటి సుఖం లేదు, వీజీచేంజ్‌తో వాల్యూమ్ గ్రూప్‌ని చేత్తో దించాలి.

#16 సున్నాఒకటి

క్రాన్ సలహా వెనక్కి తీసుకున్నాను 🙏 ఇంతకీ నేను వాడేది క్యూకౌ2 (వర్చువల్ మెషిన్ డిస్క్) ఇమేజ్‌లు, క్యూఈఎమ్‌యూ-ఎన్‌బీడీతో తగిలిస్తాను. దానికీ ఇలాగే ఉంటుందా?

#17 రాత్రిడ్యూటీ

ఉండదు. --కనెక్ట్‌తో తగిలిస్తే అన్‌మౌంట్ తర్వాత కూడా వెనక క్యూఈఎమ్‌యూ-ఎన్‌బీడీ ప్రాసెస్ అలాగే కూర్చుంటుంది, --డిస్కనెక్ట్ మీరే కొట్టాలి. కెర్నల్‌లో ఎన్‌బీడీకి చివరి క్లోజ్‌లో డిస్కనెక్ట్ అయ్యే ఫ్లాగ్ ఉంది, కానీ అది నెట్‌లింక్ ద్వారా తగిలించే టూల్స్‌కి.

జెడ్‌ర్యామ్ (మెమరీలో ఉండే కంప్రెస్డ్ డిస్క్) కూడా అంతే. అన్‌మౌంట్ చేసినా లోపలి మెమరీ వదలదు, జెడ్‌ర్యామ్‌కంట్రోల్ --రీసెట్ కావాలి. ఫ్రీబీఎస్‌డీ వాళ్లకైతే ఎమ్‌డీకాన్ఫిగ్ -డి -యు.

#18 పెంగ్విన్‌పిల్ల

ఇంకో చిన్న డౌట్. అన్నీ మీరు చెప్పినట్టే మార్చాను, పనిచేస్తోంది. అయితే అన్‌మౌంట్ అయిన వెంటనే లోసెటప్ --అసోసియేటెడ్‌తో చూస్తే ఒక్కోసారి లూప్ ఇంకా కనబడుతోంది, కాసేపాగి చూస్తే ఉండట్లేదు. నా టెస్ట్ అక్కడ ఫెయిల్ అవుతోంది.

#19 సి_పలక

బహుశా యూడెవ్ (డివైస్‌లని గమనించే సర్వీస్). డివైస్‌లో ఏదైనా మార్పు కనబడగానే ఏ ఫైల్‌సిస్టమ్ ఉందో చూడటానికి అది కూడా డివైస్‌ని కాసేపు తెరుస్తుంది. ఆ క్షణానికి చివరివాడు అదే. టెస్ట్‌లో చూసేముందు యూడెవ్ఎడిఎమ్ సెటిల్ పెట్టండి, అయినా కనబడితే కొద్దిగా ఆగి మళ్లీ అడగండి. స్లీప్ 5 అని గుడ్డిగా మాత్రం పెట్టకండి.

#20 బిల్డ్‌బండి

అప్‌డేట్: స్క్రిప్ట్‌ని అన్‌షేర్ కిందికి మార్చాను. రూట్ ఇమేజ్‌కి #11 కిటుకు, ట్రాప్‌లో #13 పద్ధతి. బిల్డ్ నడుస్తుండగా కావాలనే కంటైనర్ రీస్టార్ట్ చేయించి చూశాను, ఏదీ మిగల్లేదు. కాపీ చేసేముందు నీడ్స్_రికవరీ చెక్ కూడా పెట్టాను, ఉంటే బిల్డ్ ఫెయిల్.

మిగిలింది పాత లూప్5. పగలు కంటైనర్ ఆపడానికి ఆ టీమ్ ఒప్పుకోవట్లేదు. లోసెటప్ --డిటాచ్ కొడితే నోరు మెదపకుండా సక్సెస్ అంటోంది, డివైస్ మాత్రం అక్కడే ఉంది.

#21 రాత్రిడ్యూటీ

అది ఇందాకటి ఫ్లాగే మళ్లీ పెట్టింది, అప్పటికే 1 కదా. ఎన్ఎస్‌ఎంటర్ --టార్గెట్ (ఆ కంటైనర్ ప్రాసెస్ నంబర్) --మౌంట్ యుమౌంట్ /హోస్ట్/బిల్డ్/ఎమ్ఎన్‌టీ. కంటైనర్ ఆపకుండానే దాని నేమ్‌స్పేస్‌లోకి వెళ్లి తీస్తుంది. మరీ చిన్న కంటైనర్ అయితే లోపల యుమౌంట్ బైనరీ ఉండకపోవచ్చు, అప్పుడు మాత్రం వాళ్ల రీస్టార్ట్ కోసం ఆగాల్సిందే.

తీసేముందు ఒకటి. డిలీట్ అయిన ఆ డేటా ఇమేజ్‌లోంచి ఏమైనా కావాలంటే కంటైనర్ లోపలి ఆ మౌంట్‌లోంచి ఇప్పుడే కాపీ చేసుకోండి. లూప్ ఊడిన క్షణంలో ఫైల్ బ్లాకులు కూడా పోతాయి.

#22 బిల్డ్‌బండి

ఏమీ అక్కర్లేదు, కొత్త బిల్డ్ ఉంది. లోపల యుమౌంట్ ఉంది, పనిచేసింది. లోసెటప్ --లిస్ట్‌లో లూప్5 లేదు, డీఎఫ్, డీయూ లెక్కలు కలిశాయి. ప్రాపగేషన్ ఆర్‌స్లేవ్ చేయమని ఆ టీమ్‌కి టికెట్ పెట్టి ఈ థ్రెడ్ లింక్ జతచేశాను.